తీసేయడమూ పనే

లినక్స్ కెర్నల్ సోర్సులో గ్రాఫిక్స్ డ్రైవర్లన్నిటికీ ఉమ్మడిగా ఒక హెడర్ ఫైలు ఉంది. ప్రతి డ్రైవరూ తనకు ఏమేం చేతనవునో చెప్పుకోవడానికి అందులో ఒక ఫ్లాగుల పట్టిక ఉంటుంది. బఫర్ల నిర్వహణ వచ్చా, తెర రిజల్యూషన్ మార్చడం వచ్చా, తెరతో నిమిత్తం లేకుండా బొమ్మ గీసిపెట్టడం వచ్చా? ఒక్కో సామర్థ్యానికి ఒక్కో బిట్. ఆ పట్టికను వరుసగా చదువుకుంటూ వెళ్లండి. సున్నా, ఒకటి, ఆ వెంటనే మూడు. రెండో బిట్ ఖాళీ.

2019 వరకు ఆ చోట డ్రైవర్_ప్రైమ్ అనే ఫ్లాగ్ ఉండేది. ఒక గ్రాఫిక్స్ చిప్ గీసిన బొమ్మను మరో చిప్‌తో పంచుకోగలిగే డ్రైవర్లు ఆ బిట్ పెట్టుకునేవి. ల్యాప్‌టాప్‌లో రెండు జీపీయూలు ఉంటే ఒకటి గీసినదాన్ని రెండోది తెర మీద చూపించేది ఈ ఏర్పాటుతోనే. ఆ ఏర్పాటు ఇప్పటికీ నిక్షేపంగా ఉంది. పోయింది ఫ్లాగ్ ఒక్కటే. కెర్నల్ గ్రాఫిక్స్ విభాగంలో ఏళ్ల తరబడి పనిచేసిన డేనియల్ వెట్టర్ దాన్ని డ్రైవర్లన్నిటిలోంచీ ఏరి తీసేశారు. వాడుతున్నవాళ్లకి తేడా తెలియలేదు. తెలియకపోవడమే ఆ పని సరిగ్గా జరిగిందనడానికి గుర్తు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో మనకు కట్టడం నేర్పేవాళ్లు చాలామంది దొరుకుతారు. తీయడం నేర్పేవాళ్లు దొరకరు. ఇరవై ఏళ్లకు దగ్గరగా డ్రైవర్ కోడ్‌తో గడిపాక నాకు కుదిరిన అభిప్రాయం ఇది: తాను రాయని దాన్ని అర్థం చేసుకుని, దాని అవసరం తీరిందని రుజువు చేసి, ఎవరికీ ఇబ్బంది కలగకుండా తీసేయగలిగినవాడే పూర్తి ఇంజనీరు. ఈ అధ్యాయంలో ఆ పని ఎలా చేయాలో నాకు తెలిసినంత మేరకు చెబుతాను.

కర్రలు, స్తంభాలు

ఇల్లు కట్టించినవాళ్లకి సెంట్రింగ్ గురించి చెప్పక్కర్లేదు. స్లాబ్ వేసేముందు కింద కర్రలు నిలబెట్టి, రేకులు పరిచి, పైన కాంక్రీటు పోస్తారు. అది గట్టిపడేదాకా బరువంతా ఆ కర్రలదే. మూడో రోజే విప్పితే కప్పు కూలుతుంది. అసలు విప్పకపోతే ఆ గదిలో కాపురం చేయలేం. ఎప్పుడు విప్పాలో మేస్త్రీకి తెలుసు.

ఫీచర్ ఫ్లాగ్ సెంట్రింగ్ కర్రే. కొత్త చిప్ వచ్చినప్పుడు, కొత్త సదుపాయం ఇంకా నిలదొక్కుకోనప్పుడు, "ఇది ఉంటే ఇలా చెయ్యి, లేకపోతే అలా చెయ్యి" అని డ్రైవర్‌కు చెప్పడానికి పెడతాం. నాలుగేళ్లు గడుస్తాయి. ఆ సదుపాయం లేని చిప్‌లు డ్రైవర్ పరిధిలోంచే తప్పుకుంటాయి. "లేకపోతే" అన్న దారిన ఇక ఎవరూ నడవరు. కర్ర మాత్రం నడిగదిలో నిలబడే ఉంటుంది. ఇంట్లోకి కొత్తగా వచ్చినవాడు దాన్ని స్తంభమనుకుని చుట్టూ తిరిగి వెళ్తాడు.

నేనూ తిరిగి వెళ్లాను. హైదరాబాదులో ఒక డ్రైవర్ టీమ్‌లో చేరిన తొలి ఏడాది, పవర్ మేనేజ్‌మెంట్ కోడ్ చదువుతుంటే ఒక ఫ్లాగ్ అడుగడుగునా తగిలేది. మేం సపోర్ట్ చేసే ప్రతి చిప్‌లోనూ దాని విలువ ఒకటే. ఎక్కడా సున్నా లేదు. నాకంటే ఏడెనిమిదేళ్లు సీనియర్ పక్క సీట్లో ఉండేవారు. "అన్నా, ఇది ఎప్పుడూ ఒకటే కదా, మరి ఎందుకు అడుగుతున్నాం?" అన్నాను. "పనిచేస్తున్నదాన్ని ముట్టుకోకు తమ్ముడూ," అన్నారాయన. మంచి మనిషి. నా మేలు కోరే చెప్పారు. నేను ముట్టుకోలేదు. ఆ ఫ్లాగ్ సున్నా అయితే నడిచే కోడ్ దాదాపు రెండు వందల లైన్లుండేది. దాన్ని అర్థం చేసుకోవడానికి నాకు మూడు వారాలు పట్టింది. నా తర్వాత చేరిన ఇద్దరికీ అంతే పట్టి ఉంటుంది. ఎన్నడూ నడవని దారికి ముగ్గురం వెచ్చించిన రోజులు ఎవరి లెక్కలోకీ రాలేదు.

లెక్కలోకి రానిది ఇంకొకటుంది. ఆన్, ఆఫ్ అనే రెండు స్థితులున్న ఫ్లాగులు పది ఉంటే, కాగితం మీద ఆ డ్రైవర్‌కు 1,024 రూపాలు. వాటిలో మనం పరీక్షించేది మూడో నాలుగో. మిగతావి పరీక్ష ఎరగని కోడ్. అది ఊరికే పడి ఉంటుందన్న నమ్మకం ఎంత తప్పో చూపడానికి గ్రాఫిక్స్‌తో సంబంధం లేని ఒక సంఘటన చెబుతాను. ఫ్లాగుల గురించి మాట్లాడుతూ దీన్ని దాటి వెళ్లలేను.

అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే షేర్ల వ్యాపార సంస్థ ఉండేది. వాళ్ల ఆర్డర్లు పంపే సాఫ్ట్‌వేర్‌లో పవర్ పెగ్ అనే పాత సదుపాయాన్ని 2003లో వాడటం మానేశారు. కోడ్ మాత్రం తీయలేదు. 2012లో కొత్త సదుపాయం రాసినప్పుడు, ఒకప్పుడు పవర్ పెగ్‌ను మేల్కొల్పిన ఫ్లాగ్‌నే దానికి వాడుకున్నారు. ఎనిమిది సర్వర్లలో ఏడింటికి కొత్త కోడ్ వెళ్లింది, ఒకదానికి వెళ్లలేదు. ఆగస్టు 1 ఉదయం మార్కెట్ తెరిచాక, ఆ ఎనిమిదో సర్వర్‌లో ఫ్లాగ్ ఆన్ కాగానే తొమ్మిదేళ్లుగా నిద్రపోతున్న పాత కోడ్ లేచి కూర్చుంది. తప్పెక్కడో తెలియని కంగారులో మిగతా ఏడు సర్వర్లలోంచి కొత్త కోడ్ తీసేశారు. దాంతో ఎనిమిదింటిలోనూ పాత కోడే మిగిలింది. 45 నిమిషాల్లో 40 లక్షల లావాదేవీలు జరిగాయి. నష్టం 46 కోట్ల డాలర్లు దాటింది. మరుసటి ఏడాది నియంత్రణ సంస్థ ఎస్ఈసీ 1.2 కోట్ల డాలర్ల జరిమానా వేసింది.

ప్రైమ్ ఫ్లాగ్ పోయాక రెండో బిట్‌ను వెంటనే ఇంకొకరికి ఇచ్చేయకుండా ఖాళీగా ఉంచడం నాకెందుకు నచ్చుతుందో ఈపాటికి అర్థమై ఉంటుంది. తీసేసిన ఫ్లాగ్ చోటును కొత్త ఫ్లాగ్‌కు కేటాయించకండి. బిట్లకు అంత కరువేమీ లేదు.

ఒక ఫ్లాగ్ జీవిత కథ

ఇప్పుడు గ్రాఫిక్స్‌లోకే వద్దాం. ఇంటెల్ చిప్‌లకు లినక్స్‌లో ఐ915 అనే డ్రైవర్ ఉంది. అందులో ఒకప్పుడు ఎనేబుల్_ఆర్‌సీ6 అని ఒక పారామీటర్ ఉండేది. పుట్టుక నుంచి పోక వరకు దాని కథ తెలిస్తే, ఫ్లాగులు ఎందుకు ముసలివవుతాయో, వాటిని ఎందుకు సాగనంపాలో సగం తెలిసినట్టే.

ఆర్‌సీ6 అంటే గ్రాఫిక్స్ చిప్‌కు గాఢనిద్ర. పనిలేనప్పుడు చిప్‌లోని గీసే విభాగానికి దాదాపుగా కరెంటు ఆపేస్తారు. 2011లో శాండీబ్రిడ్జ్ ప్రాసెసర్లు వచ్చినప్పుడు ల్యాప్‌టాప్ బ్యాటరీకి ఇది పెద్ద ఊరట కావాల్సింది. కానీ కొన్ని యంత్రాల్లో నిద్రలేచాక తెర చెదిరిపోయేది, కొన్ని బిగుసుకుపోయేవి. డెవలపర్లు ఒకసారి ఆన్ చేసి, ఫిర్యాదులు రాగానే మళ్లీ ఆపారు. ఎవరి యంత్రంలో వాళ్లు ప్రయత్నించి చూసుకోవడానికి పారామీటర్ ఉంది కాబట్టి సరిపోయింది. ఈ దశలో ఆ ఫ్లాగ్ చేసిన మేలు చాలా గొప్పది. అది లేకపోతే తప్పెక్కడుందో తెలిసేది కాదు. 2012లో 3.4 కెర్నల్‌లో శాండీబ్రిడ్జ్‌కు ఆర్‌సీ6 మామూలుగానే ఆన్ అయి వచ్చింది.

స్లాబ్ గట్టిపడింది. కర్ర తీయలేదు.

ఆ తర్వాతి ఏళ్లలో అసలు ఉద్దేశం తలకిందులైంది. బ్యాటరీ ఎక్కువసేపు రావాలంటే ఆ పారామీటర్‌కు 7 పెట్టమన్న సలహా నోటి నుంచి నోటికి పాకింది. 1 అంటే మామూలు నిద్ర, 2 అంటే ఇంకా లోతు, 4 అంటే అన్నిటికంటే లోతు, కలిపితే 7. ఏ చిప్‌కు ఎంత లోతు సురక్షితమో డ్రైవర్‌కు తెలుసు, మనిషికి తెలియదు. అయినా మనిషి డ్రైవర్ మాట కాదని 7 పెట్టి, తెర బిగుసుకుపోతే డ్రైవర్‌ను నిందించేవాడు. ఇంకొందరు ఎప్పుడో పడిన ఇబ్బందికి 0 పెట్టి మరిచిపోయి, చిప్ వేడెక్కుతోందని బాధపడేవారు. ఆర్‌సీ6 లేకుండా డ్రైవర్ నడిచే దారి నానాటికీ పరీక్షకు దూరమైంది. మిగతా పవర్ మేనేజ్‌మెంట్ అంతా ఆ నిద్ర ఉందన్న భరోసా మీదే కట్టుకుంటూ పోయారు.

2018 ఏప్రిల్‌లో వచ్చిన 4.16 కెర్నల్‌లో ఆ పారామీటర్ లేదు. ఏ చిప్‌లో నిజంగా సమస్య ఉందో అక్కడ ఆర్‌సీ6ను ఆపే నిర్ణయం డ్రైవర్ లోపలే జరుగుతుంది. పాత అలవాటుతో బూట్ లైన్‌లో దాన్ని ఉంచుకున్నవాళ్ల యంత్రాలు ఆగిపోలేదు. ఈ పారామీటర్ తెలియదు, వదిలేస్తున్నాం అని లాగ్‌లో ఒక లైను వస్తుంది, అంతే. ఏడేళ్లలో ఒక ఫ్లాగ్ ప్రాణదాతగా మొదలై, మూఢనమ్మకంగా మారి, నిశ్శబ్దంగా వెళ్లిపోయింది. మీ కోడ్‌లోనూ ఇలాంటివి ఉన్నాయి. తప్పకుండా ఉన్నాయి.

అవసరం తీరిందని ఎలా తెలుస్తుంది?

మొదట ఒక హెచ్చరిక. తక్కువమందికి కావాల్సిన ఫ్లాగ్ వేరు, ఎవరికీ అక్కర్లేని ఫ్లాగ్ వేరు. ఒకే ఒక్క పాత బోర్డు కోసం ఉన్న ఫ్లాగ్ అందవికారంగా కనిపించవచ్చు. ఆ బోర్డు ఇంకా మీ సపోర్ట్ జాబితాలో ఉంటే ఆ ఫ్లాగ్ బతికే ఉంది. ఒక చిన్న ఊళ్లో గ్రంథాలయంలో పదిహేనేళ్ల కంప్యూటర్ దాని పుణ్యాన తెర వెలిగిస్తుండవచ్చు. మన కంటికి ఇంపుగా లేదని దాన్ని ముట్టుకునే హక్కు మనకు లేదు.

నిజంగా అవసరం తీరిన ఫ్లాగ్‌ను మూడు తీరుల్లో గుర్తుపట్టొచ్చు. సపోర్ట్‌లో ఉన్న పరికరాలన్నీ దానికి ఒకే జవాబు చెబుతుంటే, అది ప్రశ్న కాదు. దాన్ని పెట్టేవాళ్లున్నా చదివేవాళ్లు లేకపోతే, అది కేవలం అలంకారం. ఇక మూడోది కాస్త సూక్ష్మమైనది: జవాబు మరోచోట ఇప్పటికే ఉంటే, ఫ్లాగ్ దాని నకలు. ప్రైమ్ ఫ్లాగ్ ఈ మూడో తీరుదే. బఫర్ పంచుకోగల డ్రైవర్, ఆ పని చేసే ఫంక్షన్లను ఎలాగూ తన నిర్మాణంలో నమోదు చేసేది. ఫంక్షన్ ఉందంటే సామర్థ్యం ఉన్నట్టే. మళ్లీ విడిగా ఫ్లాగ్ ఎందుకు? ఒకే సంగతి రెండు చోట్ల రాస్తే ఏదో ఒకరోజు రెండూ రెండు మాటలు చెబుతాయి. పొలం హద్దులు దస్తావేజులో ఒకలా, పాస్‌బుక్‌లో ఒకలా ఉంటే ఏమవుతుందో మనవాళ్లకి వేరే చెప్పాలా?

గుర్తుపట్టాక చరిత్ర చదవండి. చాలామంది ఈ అడుగు వేయరు. గిట్ బ్లేమ్‌తో ఆ లైను ఎవరు ఎప్పుడు రాశారో చూడండి. అక్కడితో ఆగితే, మధ్యలో ఎవరో ఖాళీలు సర్దిన కమిట్ కనిపించి మోసపోతారు. గిట్ లాగ్‌కు పెద్ద ఎస్ ఆప్షన్ ఇచ్చి ఫ్లాగ్ పేరు ఇస్తే, ఆ పేరు సోర్సులోకి వచ్చిన, పోయిన కమిట్లు వరుసగా వస్తాయి. మొట్టమొదటి కమిట్ సందేశం చదవండి. ఆనాటి మనిషి ఏ భయంతో దాన్ని పెట్టాడో అందులో ఉంటుంది. ఆ భయం ఇప్పుడు లేదని మీరు ఒక్క వాక్యంలో చెప్పగలగాలి. చెప్పలేకపోతే ఆగండి. మీరింకా సిద్ధంగా లేరు.

లోపలిది, బయటిది

డ్రైవర్‌లో తీయడానికి ఒక గీత ఉంది. గీతకు ఇవతల ఉన్నది డ్రైవర్ లోపలి వ్యవహారం. అవతల ఉన్నది బయటి ప్రోగ్రాములకు మనం ఇచ్చిన మాట. లినక్స్‌లో మొదటి సూత్రం, బయటి ప్రోగ్రాము నిన్న పనిచేస్తే ఇవాళా పనిచేయాలి. లైనస్ టోర్వాల్డ్స్ దీని విషయంలో ఎంత పట్టుదలగా ఉంటారో ఆ రంగంలో ఉన్నవాళ్లందరికీ తెలుసు.

దీన్ని ఐ915 ఎలా పాటించిందో చూడండి. అప్లికేషన్ల వైపు నుంచి మెసా లాంటి లైబ్రరీ డ్రైవర్‌ను కొన్ని ప్రశ్నలు అడుగుతుంది. నీకు పేజీ ఫ్లిప్పింగ్ ఉందా? రెండో తరం ఎగ్జెక్‌బఫర్ ఉందా? ఒక్కో ప్రశ్నకు ఒక్కో అంకె. ఒకప్పుడు ఇవి నిజమైన ప్రశ్నలు. ఇవాళ అన్నిటికీ జవాబు అవుననే. అందుకని డ్రైవర్‌లో అలాంటి ప్రశ్నలన్నిటినీ ఒకచోట పేర్చి, కలిపి ఒకే జవాబు ఇచ్చారు: ఒకటి. ఇవన్నీ ప్రస్తుతానికి ఎప్పుడూ నిజమే అని పైన ఒక వ్యాఖ్య రాశారు. లోపలి సంక్లిష్టత పోయింది, బయటి మాట నిలిచింది. పదేళ్ల నాటి ప్రోగ్రాము వచ్చి అడిగినా దానికి జవాబు దొరుకుతుంది. ఇంత మర్యాదగా రాసిన కోడ్ నేను తక్కువగా చూశాను.

కాబట్టి మీ ఫ్లాగ్ పేరు యూఏపీఐ హెడర్లలో ఉందా, సిస్‌ఎఫ్ఎస్‌లో ఫైలుగా కనిపిస్తోందా, మాడ్యూల్ పారామీటరా అన్నది ముందే చూసుకోండి. బయటికి కనిపించేవాటి కోసం కెర్నల్ డాక్యుమెంటేషన్‌లో ఏబీఐ అనే డైరెక్టరీ ఉంది. దాని కింద స్టేబుల్, టెస్టింగ్, అబ్సొలీట్, రిమూవ్డ్ అని నాలుగు గదులు. స్టేబుల్‌లో ఉన్నదాన్ని నేరుగా రిమూవ్డ్‌లోకి తోయరు. మధ్యలో అబ్సొలీట్ గదిలో కొంతకాలం కూర్చోబెట్టి, దాన్ని వాడుతున్నవాళ్లకి వ్యవధి ఇస్తారు.

ఆ వ్యవధి ఎంత ఉండొచ్చో తెలియాలంటే పాత డీఆర్ఐ1 డ్రైవర్ల సంగతి చూడాలి. 3డీఎఫ్ఎక్స్ వూడూ, మ్యాట్రాక్స్, ఏటీఐ రేజ్ 128, ఎస్3 సావేజ్ లాంటి 1990ల నాటి కార్డుల కోసం రాసినవి అవి. బయటి ప్రోగ్రాములకు అపాయకరమైన దారులు తెరుస్తాయని, వాటితో రక్షణ కట్టుబాట్లను దాటొచ్చని వాటిని ఆన్ చేసే కాన్ఫిగరేషన్ ఆప్షన్ సహాయ పాఠంలోనే హెచ్చరించేవారు. అంత తెలిసీ రాత్రికి రాత్రి పీకలేదు. ముందు ఆప్షన్ చాటున పెట్టి, మామూలుగా ఆఫ్‌లో ఉంచారు. ఏళ్లు ఆగారు. ఎస్‌యూఎస్‌ఈ సంస్థలో పనిచేసే థామస్ జిమ్మర్‌మన్ ఆ డ్రైవర్లను తొలగిస్తే అది 2023 ఏప్రిల్‌లో 6.3 కెర్నల్‌తో బయటికి వచ్చింది. ఆ డ్రైవర్ల కోసమే ఉన్న ఉమ్మడి కోడ్, దాని కాన్ఫిగరేషన్ ఆప్షన్ సహా, 2024 మార్చిలో వచ్చిన 6.8లో పోయింది. ముందు ఇంట్లోవాళ్లను పంపి, తర్వాత ఇల్లు దించినట్టు.

చేతిలో పని

ఇక తీసే వరుస. నా అనుభవంలో సగం గొడవలు వరుస తప్పడం వల్లే వస్తాయి.

ప్రవర్తన మారే మార్పును, ఊడ్చే మార్పును ఒకే ప్యాచ్‌లో కలపకండి. ప్రైమ్ ఫ్లాగ్‌ను తీసినప్పుడు, దాన్ని చూసి నిర్ణయం తీసుకునే చోట్లను ముందు ప్యాచ్‌లలో మార్చారు. డ్రైవర్లన్నిటిలోంచీ పేరు తుడిచే పెద్ద ప్యాచ్‌ను విడిగా, ఆ తర్వాత పెట్టారు. చదివేవాడికి ఎక్కడ కళ్లు పెట్టాలో, ఎక్కడ వేగంగా వెళ్లొచ్చో దానివల్ల తెలుస్తుంది. ఏదైనా తేడా వస్తే ఏ ప్యాచ్ వల్లనో బైసెక్ట్ చేసి పట్టుకోవడం తేలిక. అందుకే క్రమం ఇలా ఉండాలి: ముందు చదివేవాళ్లను తీయండి, తర్వాత పెట్టేవాళ్లను, ఆఖరున ఆ ఫ్లాగ్ నిర్వచనాన్ని. ప్రతి ప్యాచ్ తర్వాతా కోడ్ బిల్డ్ కావాలి.

పదుల కొద్దీ ఫైళ్లలో ఒకే రకం మార్పు చేయాలంటే చేత్తో చేయకండి, అలసిన చెయ్యి పొరపాటు చేస్తుంది. ఫ్రాన్స్‌లోని ఇన్రియా పరిశోధన సంస్థలో తీర్చిదిద్దిన కాక్సినెల్ అనే పనిముట్టు కెర్నల్‌వాళ్లకి బాగా అలవాటు. సీ కోడ్ ఆకృతిని చూసి, మనం చెప్పిన నమూనా ప్రకారం మారుస్తుంది. నేర్చుకోవడానికి రెండు రోజులు పడుతుంది, ఆ తర్వాత ఏళ్లపాటు పనికొస్తుంది.

ఇక గ్రెప్‌ను పూర్తిగా నమ్మకండి. దీనికి నేను మూల్యం చెల్లించాను. ఒక సంస్థలో ఉండగా, గ్రెప్ చేస్తే ఎక్కడా వాడని ఫ్లాగ్ ఒకటి కనిపించింది. చరిత్ర చదివాను, అంతా సవ్యంగా ఉంది, తీసేశాను. మర్నాటి ఉదయం ఆర్మ్ ప్రాసెసర్ల బిల్డ్ విరిగి కూర్చుంది. అక్కడ ఒక మాక్రో, హ్యాజ్ అన్న ముక్కకు సదుపాయం పేరు అతికించి ఫ్లాగ్ పేరును కంపైల్ సమయంలో తయారుచేస్తోంది. అతికాకే పుట్టే పేరు గ్రెప్‌కు ఎలా దొరుకుతుంది? పైగా ఆ ఫైలు నా యంత్రం మీద కంపైలే కాదు. ఆ రోజు పది మంది పని ఆగింది. నేను చేసిన మొదటి పని నా కమిట్‌ను రివర్ట్ చేయడం, రెండో పని టీమ్‌కు జరిగింది జరిగినట్టు రాయడం. నాలుగు రోజుల తర్వాత, ఆ మాక్రోను సరిచేసి, మళ్లీ తీశాను. అప్పట్నుంచి పేరు మొత్తంతో పాటు పేరులోని ముక్కలతోనూ వెతుకుతాను. అన్ని మాడ్యూళ్లూ కలిసే ఆల్‌మాడ్‌కాన్ఫిగ్‌తో, కనీసం ఇంకొక ఆర్కిటెక్చర్‌కు క్రాస్ కంపైల్ చేసి చూడకుండా ఏదీ పంపను. రివర్ట్ చేయాల్సి వస్తే సిగ్గుపడకండి. తప్పు ఒప్పుకోవడం ఆలస్యమైనకొద్దీ దాని బరువు ఇతరుల మీద పడుతుంది.

కమిట్ సందేశంలో "వాడని ఫ్లాగ్ తీసేశాను" అని ఒక్క ముక్క రాసి ఊరుకోకండి. ఎందుకు పుట్టింది, ఏ కమిట్‌తో అవసరం తీరింది, ప్రవర్తన మారుతుందా లేదా, ఏ హార్డ్‌వేర్ మీద చూశారు, ఏది చూడలేకపోయారు అన్నవన్నీ రాయండి. చూడలేకపోయినదాన్ని రాయడానికి కొత్తవాళ్లు జంకుతారు. అది రాసిన ప్యాచ్‌నే మెయింటెయినర్లు ఎక్కువ నమ్ముతారు, ఎందుకంటే ఆ హార్డ్‌వేర్ ఉన్నవాళ్లు ముందుకొచ్చి పరీక్షించి పెడతారు.

పెట్టేటప్పుడే

తీసే నేర్పు వచ్చాక పెట్టే తీరు మారుతుంది. ఇది నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. ఐ915లోనే మరో ఉదాహరణ ఉంది. కొత్త తరం చిప్‌కు డ్రైవర్ పూర్తికాకముందే కోడ్ కెర్నల్‌లోకి వస్తుంది. తెలిసి కోరుకున్నవాళ్లకు తప్ప అది పనిచేయకూడదు. దీనికోసం మొదట ప్రిలిమినరీ హార్డ్‌వేర్ సపోర్ట్ అని ఒక పారామీటర్ ఉండేది, తర్వాత దాన్ని ఆల్ఫా సపోర్ట్ అన్నారు, 2019లో ఫోర్స్ ప్రోబ్‌గా మార్చారు. పేరు రెండుసార్లు మారినా అందులోని ఆలోచన ఒకటే. ఆ చిప్ వివరాల్లో "బలవంతం చేస్తేనే లేవాలి" అని ఒక లైను ఉంటుంది. డ్రైవర్ కుదురుకున్న రోజు ఆ ఒక్క లైను తీసే ప్యాచ్ వస్తుంది. ఇంటెల్ ఆర్క్ కార్డుల డీజీ2 చిప్‌లకు 2023లో వచ్చిన 6.2 కెర్నల్‌లో ఆ లైను తీసేశారు. పుట్టేటప్పుడే పోయే రోజు రాసిపెట్టుకున్న ఫ్లాగ్ అది. ఎవరూ తవ్వక్కర్లేదు, ఎవరూ భయపడక్కర్లేదు.

మీరు కొత్త ఫ్లాగ్ పెడుతుంటే, దాని పక్కనే వ్యాఖ్యలో రెండు సంగతులు రాయండి: ఏది జరిగితే దీని అవసరం తీరుతుంది, అది జరిగిందని ఎక్కడ చూడాలి. తారీఖు కంటే షరతు మేలు. తారీఖులు జరుగుతూ పోతాయి.

ఆఫీసులో దీనికి గుర్తింపు రాదని మీరు అనవచ్చు. నిజమే, చాలాచోట్ల అప్రైజల్‌లో కొత్తగా కట్టిందే అడుగుతారు. అందుకని తీసినప్పుడల్లా లెక్క రాసుకోండి. ఎన్ని లైన్లు తగ్గాయో రాయడం కంటే, ఎన్ని పరీక్షలు ఇక నడపక్కర్లేదో, ఏ బగ్ వర్గం మొత్తంగా పోయిందో రాయండి. ఆ భాష మేనేజర్‌కు అర్థమవుతుంది. అర్థం చేసుకోని మేనేజర్ కింద ఉన్నా ఈ పని మానకండి. ఒక డ్రైవర్‌లో పది ఫ్లాగుల చరిత్ర చదివి తీసినవాడికి ఆ డ్రైవర్ గురించి తెలిసినంత, ఐదేళ్లు అందులో కొత్త కోడ్ రాసినవాడికీ తెలియదు. ఇది నేను మనుషుల్ని చూసి చెబుతున్నాను.

ఇంకా ఉద్యోగం రాని విద్యార్థులకు ఒక మాట. కెర్నల్ డాక్యుమెంటేషన్‌లో జీపీయూ విభాగం కింద చేయాల్సిన పనుల జాబితా ఒకటి ఉంది. ప్రతి పనికీ స్టార్టర్, ఇంటర్మీడియట్, అడ్వాన్స్‌డ్, ఎక్స్‌పర్ట్ అని స్థాయి రాసి ఉంటుంది. ఎవరిని సంప్రదించాలో కూడా చాలావాటికి ఉంటుంది. వాటిలో చాలా పనులు పాతదాన్ని తీసి కొత్త పద్ధతికి మార్చేవే. ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు లేదని వెనకాడకండి. హార్డ్‌వేర్ లేకుండా నడిచే వీకేఎంఎస్ అనే డ్రైవర్ 2018 నుంచి కెర్నల్‌లోనే ఉంది. హైదరాబాదులో ఇవాళ జీపీయూ డ్రైవర్ల మీద పనిచేస్తున్న తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. ఆ జాబితాలోంచి ఒక పని పూర్తిచేసి ఇంటర్వ్యూకు వచ్చిన కుర్రవాణ్ని గానీ అమ్మాయిని గానీ నేను ఎన్నడూ తేలిగ్గా చూడలేదు.

ఈ వారం మీ కోడ్‌లో ఒక్క ఫ్లాగ్ ఎంచుకోండి. తీయాలని కాదు, ముందు తెలుసుకోవాలని. దాని మొదటి కమిట్ వెతికి పట్టుకోండి. రాసిన మనిషి ఇంకా ఆ రంగంలోనే ఉంటే, ఎందుకు పెట్టారో మర్యాదగా ఒక ఉత్తరం రాసి అడగండి. నేను అలా రాసిన ఉత్తరాల్లో జవాబు రానివి చాలా తక్కువ.